పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు ఫైళ్లు నేరుగా పంపడం ఎలా?

“పాత సర్వర్లో 60 జీబీ ఉంది. ల్యాప్‌టాప్‌లోకి దింపి, కొత్త సర్వర్లోకి ఎక్కిస్తున్నా. రాత్రంతా వదిలేసినా అవలేదు. మధ్యలో కరెంటు పోయింది, మళ్లీ మొదటికొచ్చింది. వేరే దారి లేదా?” అడిగే మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఒకేచోట రాసేస్తున్నాను.

దారి ఉంది. సికింద్రాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి ఉప్పల్లో దిగేవాడు సామానంతా ముందు వరంగల్‌లో అత్తారింట్లో దించి, అక్కణ్నుంచి మళ్లీ లారీ ఎక్కిస్తాడా? మీరు చేస్తున్నది అదే. 60 జీబీ అంటే దాదాపు 4,80,000 మెగాబిట్లు. ఇంట్లో డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉంటే దింపడానికి 80 నిమిషాలు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్సే అయితే ఎక్కించడానికి 6 గంటల 40 నిమిషాలు, అదీ ఒక్కసారి కూడా తెగకపోతే. రెండు సర్వర్ల మధ్య 400 ఎంబీపీఎస్ వచ్చినా చాలు, పని 20 నిమిషాల్లో అయిపోతుంది.

“ఎస్‌సీపీకి (సర్వర్ల మధ్య ఫైళ్లు కాపీ చేసే కమాండ్) రెండు సర్వర్ల పేర్లూ ఇచ్చాను, నేరుగానే పోతోంది కదా” అనేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 2021 ఆగస్టులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7 నుంచి (ఎస్‌సీపీ అందులోదే) పద్ధతి మారింది. అలా కొడితే డేటా మీ ల్యాప్‌టాప్ మీదుగానే పోతుంది. నేరుగా పోవాలంటే పెద్ద (క్యాపిటల్) ఆర్ ఆప్షన్ విడిగా ఇవ్వాలి. చాలామందికి ఇది తెలియక, “నేరుగా పంపినా ఇంత నెమ్మదేంటి” అని హోస్టింగ్ వాళ్లను తిట్టుకుంటారు.

మనం వాడబోయే కాపీ కమాండ్ ఆర్‌సింక్. దాని దగ్గర ఆ గొడవే లేదు. రెండువైపులా దూరపు సర్వర్లిస్తే “సోర్స్ అండ్ డెస్టినేషన్ కెనాట్ బోత్ బి రిమోట్” అని మొహం మీదే చెప్పేస్తుంది. అంటే రెంటిలో ఏదో ఒక సర్వర్లోకి లాగిన్ అయి, అక్కణ్నుంచి నడపాలి. మనం చేయబోయేది అంతే.

కమాండ్లను ఫోన్లో చెప్పి కొట్టించినట్టు రాస్తున్నాను. టెర్మినల్లో ఇంగ్లీషులోనే కొట్టండి. ‘పెద్ద’ అని చెప్పిన చోట క్యాపిటల్ అక్షరం, మిగతావన్నీ చిన్నవి. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే ఆర్‌సింక్‌లో చిన్న పీకి ఒక అర్థం, పెద్ద పీకి ఇంకో అర్థం.

ముందు ఇవి చూసుకోండి

- రెండూ లినక్స్ సర్వర్లై ఉండాలి, రెంటికీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్లోకి భద్రంగా వెళ్లే దారి) లాగిన్ ఉండాలి.
- ఆర్‌సింక్ రెండువైపులా ఉండాలి. ఒకవైపే ఉంటే “కమాండ్ నాట్ ఫౌండ్” అంటుంది, చాలామంది లేనిది ఏ వైపో చూడకుండా తలబద్దలు కొట్టుకుంటారు.
- కొత్త సర్వర్లో టీమక్స్ (మీరు బయటికొచ్చినా పని ఆగకుండా చూసేది) ఉండాలి. స్క్రీన్ అలవాటున్నవాళ్లకు స్క్రీన్ చాలు.
- పాత సర్వర్ ఫైర్‌వాల్‌లో కొత్త సర్వర్ ఐపీకి 22వ పోర్టు తెరిచి ఉండాలి. క్లౌడ్ సర్వర్లయితే సెక్యూరిటీ గ్రూప్‌లో (క్లౌడ్ కంపెనీ వైపు ఫైర్‌వాల్) కూడా తెరవాలి. “అందరికీ” అని తెరవకండి, ఆ ఒక్క ఐపీకే తెరవండి.
- కొత్త సర్వర్లో చోటు ఉండాలి. డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టి జీబీలు చూస్తారు, బాగానే ఉంది. డీఎఫ్ మైనస్ ఐ కూడా కొట్టండి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే జీబీలు మిగిలి ఉండగానే ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతాయి. అప్పుడు సగం డిస్కు ఖాళీగా కనిపిస్తూనే “నో స్పేస్ లెఫ్ట్” అంటుంది.

డబ్బు సంగతి కూడా ఒకటుంది. పెద్ద క్లౌడ్ కంపెనీలు మామూలుగా లోపలికొచ్చే డేటాకు ఏమీ తీసుకోవు గానీ బయటికి పోయేదానికి వసూలు చేస్తాయి. రెండు సర్వర్లూ ఒకే కంపెనీలో, ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ప్రైవేట్ ఐపీ వాడండి, వేగం ఎక్కువ, బిల్లు తక్కువ. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల ప్రాంతం) 2022 నవంబరులో మొదలైంది. సింగపూర్ నుంచో ముంబై నుంచో అక్కడికి తెచ్చుకుంటున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి: కంపెనీ ఒకటే అయినా రీజియన్ మారితే చార్జీ పడుతుంది.

1. ఏ వైపు నుంచి నడపాలి?

పాతదాన్నుంచి నెట్టొచ్చు, కొత్తదాన్నుంచి లాక్కోవచ్చు. నేనైతే ఎప్పుడూ లాక్కుంటాను. తాళంచెవి కొత్త సర్వర్లో ఉంటుంది, తాళం పాత సర్వర్‌కు ఉంటుంది. నెలాఖరుకు పాత సర్వరే పోతుంది, దాంతోపాటు ఆ తాళమూ పోతుంది. నెట్టే పద్ధతిలో అయితే కొత్త ఇంటి తలుపుకు ఒక అదనపు చెవి తయారై, దాని సంగతి ఏడాది దాకా ఎవరికీ గుర్తుండదు.

2. యూజర్లను ముందే పెట్టండి

ఫైళ్ల యజమానుల పేర్లు కొత్త సర్వర్లో కూడా ఉండాలి. రూట్‌గా (సర్వర్లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్) నడిపితే ఆర్‌సింక్ యజమానిని పేరుతో వెతుకుతుంది, పేరు దొరక్కపోతే పాత నంబరే వేసేస్తుంది. ఆ నంబరు కొత్త సర్వర్లో ఇంకెవరిదో అయి ఉండొచ్చు. వెబ్‌సైట్ తెరవగానే “403” (చూసే అనుమతి లేదు) కనిపించే కేసుల్లో చాలాసార్లు ఇదే సంగతి. పేర్లతో పనిలేకుండా నంబర్లనే ఉన్నదున్నట్టు దింపాలంటే న్యూమరిక్-ఐడీస్ ఆప్షన్ ఉంది గానీ, అది మొత్తం సిస్టమ్‌ను ఎత్తి దించేటప్పుడే వాడండి.

3. తాత్కాలిక కీ

కీ అంటే పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే ఫైళ్ల జంట. కొత్త సర్వర్లో: ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్, మైనస్ టీ, ఈడీ25519, మైనస్ ఎఫ్, ఫైలు దారి. పేరు మూవ్‌కీ అనుకుందాం. పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) ఖాళీగా వదిలేయండి, ఎందుకంటే రాత్రి రెండింటికి అది అడిగితే చెప్పడానికి మీరు అక్కడ ఉండరు. పాస్‌ఫ్రేజ్ లేదు కాబట్టే కింది కట్టుబాటు తప్పనిసరి.

డాట్ పబ్ అని చివరున్న ఫైల్లో (పైన చెప్పిన తాళం ఇదే) ఒకే లైను ఉంటుంది. దాన్ని పాత సర్వర్లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలు చివర చేర్చండి. ఆ లైను మొదట్లో ‘ఫ్రమ్’, ఈక్వల్ గుర్తు, డబుల్ కోట్స్ మధ్య కొత్త సర్వర్ ఐపీ, తర్వాత ఒక స్పేస్ పెట్టండి. అప్పుడు ఈ కీ ఎవరి చేతికి చిక్కినా వేరేచోటి నుంచి పనిచేయదు. ఒక మెలిక ఉంది: కొత్త సర్వర్ ఐపీవీ6 మీదుగా వెళ్తే, మీరు ఐపీవీ4 అడ్రసు రాసి ఉంటే, లోపలికి రానివ్వదు. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌కు మైనస్ 4 ఇవ్వండి.

ఏజెంట్ ఫార్వర్డింగ్‌తో, అంటే ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ పెద్ద ఏ ఇచ్చి మీ ల్యాప్‌టాప్‌లోని కీనే వాడుకుంటూ, సర్వర్లో కీ పెట్టకుండానే ఈ పని చేయొచ్చు. సర్వర్ పూర్తిగా మీదే అయితే ఫర్వాలేదు. ఇంకెవరికైనా అక్కడ రూట్ ఉంటే వద్దు. మీరు లాగిన్ అయి ఉన్నంతసేపూ వాళ్లు మీ పేరుతో వేరే సర్వర్లలోకి పోగలరు.

4. మొదటి పలకరింపు

సుడో ఎస్‌ఎస్‌హెచ్, మైనస్ ఐ, మూవ్‌కీ పూర్తి దారి, ఆపైన యూజర్ ఎట్ పాత ఐపీ. మొదటిసారి ఒక ఫింగర్‌ప్రింట్ (ఆ సర్వర్ గుర్తింపు ముద్ర) చూపించి “యెస్ ఆర్ నో” అని అడుగుతుంది. కళ్లు మూసుకుని యెస్ కొట్టకండి. పాత సర్వర్లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ మైనస్ ఎల్ ఎఫ్ ఇచ్చి, ఈటీసీ కింద ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లో ఉన్న హోస్ట్ కీ ఫైలు చూపిస్తే అదే ముద్ర రావాలి.

సుడో ఎందుకంటే, యజమానులను సరిగ్గా దించడానికి కొత్తవైపు ఆర్‌సింక్‌ను రూట్‌గా నడపాలి. సుడో వేయగానే ఎస్‌ఎస్‌హెచ్ మీ హోమ్‌లో కాకుండా రూట్ హోమ్‌లో కీ వెతుకుతుంది. “మామూలుగా లాగిన్ అవుతోంది, ఆర్‌సింక్‌తోనే పర్మిషన్ డినైడ్” అని అడిగేవాళ్లందరికీ జవాబు ఇదే. కీ దారి పూర్తిగా ఇవ్వండి, టిల్డా (~) గుర్తుతో కాదు.

5. టీమక్స్ తెరవండి

టీమక్స్ అని కొట్టి ఎంటర్. ఇకపై అంతా అందులోనే. కంట్రోల్-బీ నొక్కి వదిలి డీ నొక్కితే మీరు బయటికొస్తారు, పని లోపల సాగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూసి భోజనానికి పోండి. తిరిగొచ్చాక టీమక్స్ అటాచ్. ఈ మెట్టు దాటేసి మొదలుపెడితే వైఫై పోయిన నిమిషంలో మీ పనీ పోతుంది.

6. ఉత్తుత్తి పరుగు

కమాండ్ ఇలా కూర్చండి. సుడో ఆర్‌సింక్. తర్వాత మైనస్ పెట్టి వరసగా ఏ, వీ, పెద్ద హెచ్, పెద్ద పీ, ఎన్. తర్వాత మైనస్ ఈ, దాని పక్కన డబుల్ కోట్స్‌లో “ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ ఐ, కీ దారి”. తర్వాత యూజర్ ఎట్ పాత ఐపీ, కోలన్, /ఎస్‌ఆర్‌వీ/ఆడియో/. చివర స్పేస్ ఇచ్చి, ఇక్కడి ఫోల్డర్ /ఎస్‌ఆర్‌వీ/ఆడియో/.

ఇందులో ఎన్ అంటే ఏమీ కదపకుండా ఏం చేయబోతోందో చెప్పడం. పెద్ద పీ వల్ల సగంలో తెగిన ఫైలు పారేయకుండా ఉంచుతుంది, మళ్లీ కొట్టినప్పుడు ఆ ముక్కను వాడుకుంటుంది.

ఇక స్లాష్. మూల ఫోల్డర్ చివర స్లాష్ ఉంటే “లోపల ఉన్నవి తీసుకురా” అని, లేకపోతే “ఫోల్డర్‌తో సహా తీసుకురా” అని. ఒక్క గీత మరిచిపోయి ఆడియో లోపల ఇంకో ఆడియో తయారుచేసుకున్న రాత్రి నాకూ ఉంది. 60 జీబీ పూర్తిగా దిగాకే చూసుకున్నాను. అదృష్టం కొద్దీ అదే డిస్కులో పేరు మార్చి జరిపితే క్షణంలో అయిపోయింది. మీకు ఆ టెన్షన్ వద్దు. ఉత్తుత్తి పరుగులో కనిపించే మొదటి పది పేర్లు చూడండి, ముందు ఆడియో స్లాష్ అని కనిపిస్తే స్లాష్ తప్పినట్టే.

7. అసలు పరుగు

ఎన్ తీసేసి మళ్లీ కొట్టండి. ఫైలుకొక లైను వద్దు, మొత్తంలో ఎంతయిందో చాలు అనుకుంటే వీ, పెద్ద పీ తీసేసి, రెండు మైనస్‌లతో పార్షియల్ అని ఒకటి, ఇన్ఫో ఈక్వల్ ప్రోగ్రెస్2 అని ఇంకొకటి పెట్టండి.

పాత సర్వర్లో సైట్ ఇంకా నడుస్తోందా? అయితే రెండు మైనస్‌లతోనే బీడబ్ల్యూలిమిట్ ఈక్వల్ 20ఎం ఇవ్వండి, సెకనుకు 20 మెగాబైట్లు దాటదు. లేకపోతే చూసేవాళ్లకు సైట్ పాకుతుంది. కంప్రెషన్ కోసం జెడ్ పెట్టమని ప్రతి చోటా రాస్తారు. ఎంపీ3లు, జేపీజీలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి, వాటికి జెడ్‌తో ఒరిగేదేమీ లేదు. టెక్స్టు, లాగులు, ఎస్‌క్యూఎల్ ఫైళ్లకైతే పెట్టండి.

డేటాబేస్ ఫోల్డర్‌ను మాత్రం ఇలా లాక్కోకండి. మైఎస్‌క్యూఎల్ నడుస్తుండగా దాని ఫైళ్లను కాపీ చేస్తే, ఒక ఫైలు ఇప్పటిది, ఇంకో ఫైలు పది నిమిషాల తర్వాతది అవుతుంది. కొత్తచోట లేవకపోవచ్చు, లేచినా నమ్మలేం. మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో, సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇచ్చి, డంప్ (డేటాబేస్‌లోని సరుకంతా ఒక ఫైలుగా) తీసి ఆ ఫైలును పంపండి. ఆ ఆప్షన్ ఇన్నోడీబీ రకం టేబుళ్లకే పనికొస్తుంది.

8. చివరి విడత

మొదటి విడత నడిచినంతసేపూ పాత సర్వర్లో కొత్త ఫైళ్లు పడుతూనే ఉంటాయి. అందుకే సైట్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టి, అదే కమాండ్ ఇంకోసారి కొట్టండి. ఈసారి మారినవే వస్తాయి.

ఈలోగా పాతచోట తీసేసినవి కొత్తచోట కూడా పోవాలంటే డిలీట్ ఆప్షన్ ఉంది. దాన్ని చూసి భయపడటమే మంచిది. మూలం దారి పొరపాటైనా, పాత సర్వర్లో ఆ డిస్కు మౌంట్ కాక ఫోల్డర్ ఖాళీగా ఉన్నా, “అక్కడేమీ లేదు కాబట్టి ఇక్కడా ఉండకూడదు” అని తుడిచేస్తుంది. ఎన్ పెట్టి చూడకుండా డిలీట్ ఎప్పుడూ కొట్టకండి.

9. వచ్చినట్టేనా?

ప్రాంప్ట్ తిరిగి రాగానే ఎకో డాలర్ ప్రశ్నార్థకం కొట్టండి. 0 వస్తే మంచిదే. 23 అంటే కొన్ని రాలేదు, పైకి స్క్రోల్ చేసి ఏవో చూడండి. 24 అంటే పని మధ్యలో మూలంలో కొన్ని ఫైళ్లు మాయమయ్యాయి, నడుస్తున్న సైట్లో క్యాష్ ఫైళ్లతో ఇది మామూలే.

చాలామంది డీయూ కొట్టి రెండువైపులా జీబీలు పోల్చి, 200 ఎంబీ తేడా కనిపించగానే గుండెలు బాదుకుంటారు. ఫైల్‌సిస్టమ్ బ్లాకుల సైజు మారినా, హార్డ్‌లింకులు (ఒకే ఫైలుకున్న వేర్వేరు పేర్లు) విడిపోయినా ఆ అంకె మారుతుంది. పోల్చాల్సింది లోపలి సరుకును. ముందు ఫైండ్ మైనస్ టైప్ ఎఫ్ ఇచ్చి, డబ్ల్యూసీ మైనస్ ఎల్‌కు పైపు కట్టి, రెండువైపులా ఫైళ్ల సంఖ్య చూడండి. తర్వాత అదే ఆర్‌సింక్ కమాండ్‌లో వీ, పెద్ద పీ తీసేసి ఎన్, సీ, ఐ పెట్టండి. సీ ఉంటే తేదీని, సైజును నమ్మదు, ప్రతి ఫైలునూ రెండువైపులా పూర్తిగా చదివి చెక్‌సమ్ (లోపలి సరుకు నుంచి లెక్కగట్టే అంకె) పోలుస్తుంది. అందుకే సమయం పడుతుంది, పట్టనివ్వండి.

ఒక్క లైను కూడా రాకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే అన్నీ సరిపోయాయి. బాణం గుర్తు, ఎఫ్, తర్వాత ప్లస్ గుర్తులు వరసగా ఉంటే ఆ ఫైలు అసలు రానేలేదు. ఎఫ్ పక్కన సీ కనిపిస్తే వచ్చింది గానీ లోపల తేడా ఉంది. చుక్క, డీ, కాస్త అవతల టీ ఉంటే ఫోల్డర్ తేదీ మారిందంతే, వదిలేయండి.

తరచూ ఎదురయ్యే చిక్కులు

తెలుగు ఫైలు పేర్లు: తెరమీద \#340\#260\#244 లాంటి అంకెల వరస కనిపిస్తే ఫైలు పాడైందని కంగారుపడకండి. అది ‘త’. యూటీఎఫ్-8లో ఆ అక్షరానికి మూడు బైట్లు, సర్వర్ లొకేల్ (భాష సెట్టింగు) సరిగ్గా లేకపోతే ఆర్‌సింక్ వాటిని అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 8 ఇస్తే తెలుగులో కనిపిస్తుంది. పేరు మాత్రం డిస్కులో మొదట్నుంచీ సరిగ్గానే ఉంది. మనకే ప్రత్యేకంగా వచ్చే తిప్పలు ఇంకొకటి: లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. ‘కీర్తన’ అనే మాటకే దీర్ఘం, వత్తులతో కలిపి 18 బైట్లు. కృతి, రాగం, తాళం, పాడినవారు, కచేరీ తేదీ అన్నీ పేర్లో కూర్చినవాళ్లకు “ఫైల్ నేమ్ టూ లాంగ్” వస్తుంది. విండోస్ హద్దును అక్షరాల్లో లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ పట్టిన పేరు ఇక్కడ పట్టకపోవచ్చు.

“ప్రోటోకాల్ వెర్షన్ మిస్‌మ్యాచ్, ఈజ్ యువర్ షెల్ క్లీన్?” అంటోందా: వెర్షన్లతో దీనికి సంబంధం లేనట్టే లెక్క. లాగిన్ కాగానే “నమస్కారమండీ” అని పలకరించేలా బాష్‌ఆర్‌సీ ఫైలు మొదట్లో ఒక ఎకో లైను ముచ్చటపడి పెట్టుకున్నాను. మనిషికైతే మర్యాద, ఆర్‌సింక్‌కు మాత్రం తను అడిగిన డేటా బదులు నమస్కారం వచ్చింది. ఆ లైను తీసేస్తే సరిపోయింది. ఎస్‌ఎస్‌హెచ్‌తో పాత సర్వర్లో ‘ట్రూ’ అనే కమాండ్ నడిపి, వచ్చిందాన్ని డబ్ల్యూసీ మైనస్ సీకి పంపండి. 0 రావాలి.

కీ పెట్టినా పాస్‌వర్డ్ అడుగుతోందా: పాత సర్వర్లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆథరైజ్డ్ కీస్‌కు 600 ఉండాలి. హోమ్ ఫోల్డర్లో వేరేవాళ్లకు రాసే అనుమతి ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని ఒప్పుకోదు.

పాతవైపు కొన్ని ఫైళ్లు చదవలేకపోతోందా: ఆర్‌సింక్-పాత్ ఈక్వల్, కోట్స్‌లో “సుడో ఆర్‌సింక్” ఇవ్వండి. అయితే పాత సర్వర్లో ఆ యూజర్‌కు సుడో పాస్‌వర్డ్ అడగకుండా ఉండాలి.

నేరుగా కుదరకపోతే

రెండు సర్వర్లూ ఒకదాన్నొకటి చూడలేని చోట్ల, ఫైర్‌వాల్ తెరిచే అధికారం మీకు లేనప్పుడు, ల్యాప్‌టాప్ మీదుగా ఎస్‌సీపీయే గతి. అప్పుడు మైనస్ 3 అని స్పష్టంగా ఇవ్వండి, కనీసం మీ డిస్కులో దిగకుండా దాటిపోతుంది.

పది లక్షల చిన్న ఫైళ్లుండి, కొత్తవైపు ఇంకా ఏమీ లేకపోతే, మొదటి విడతకు టార్ మేలు. పాత సర్వర్లో టార్‌తో మూటకట్టి, ఎస్‌ఎస్‌హెచ్ పైపులోంచే కొత్తవైపు విప్పాలి. మధ్యలో తెగితే మాత్రం మళ్లీ మొదటికే. అది అయ్యాక ఆర్‌సింక్‌తో మిగిలినవి సరిచేసుకోండి.

ఎస్‌ఎస్‌హెచ్ లేని షేర్డ్ హోస్టింగ్‌లో బ్యాకప్ జిప్ చేసి, పబ్లిక్ ఫోల్డర్లో పెట్టి, కొత్త సర్వర్ నుంచి డబ్ల్యూగెట్‌తో లాక్కోవడం చాలామంది చేస్తారు. పని అవుతుంది. కానీ ఆ జిప్‌లో మీ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. బ్యాకప్ డాట్ జిప్ అనే పేరును వెతుక్కుంటూ తిరిగే బాట్లు సైట్ల మీద రోజూ వాలుతుంటాయి. పేరు ఊహకందనిది పెట్టండి, దిగిన నిమిషంలో తీసేయండి.

గూగుల్ డ్రైవ్ నుంచి వేరే క్లౌడ్ స్టోరేజీకి అయితే ఆర్‌క్లోన్. దాన్ని ఇంట్లో కాకుండా సర్వర్ మీద నడపండి. రెండు వేర్వేరు కంపెనీల మధ్య డేటా అది నడిచే యంత్రం మీదుగానే పోతుంది.

10. ఇల్లు ఖాళీ చేసేముందు

పాత సర్వర్లో ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరిచి ఆ లైను తీసేయండి. కొత్తదాంట్లో మూవ్‌కీ జంట ఫైళ్లు రెండూ చెరిపేయండి. ఫైర్‌వాల్లో తెరిచిన రూలు మూసేయండి. పాత సర్వర్‌ను అదే రోజు డిలీట్ కొట్టకుండా, ముందు ఆపి ఒక వారం ఉంచండి. వెబ్ ఫోల్డర్ తెచ్చుకుని క్రాన్‌ట్యాబ్ (వేళకు వాటంతటవే నడిచే పనుల పట్టిక) మరిచిపోవడం, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లు అక్కడే వదిలేయడం ఆ వారంలోనే బయటపడతాయి. ఆపిన సర్వర్‌కు కూడా డిస్కు అద్దె పడే కంపెనీలున్నాయి కాబట్టి, వారం కాగానే తీసేయమని ఫోన్లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకోండి.